ఇంజిన్ తగినంత వేడెక్కకపోవడమూ లోపమే: కారణాన్ని గుర్తించడం ఎలా?

ఇంజిన్ మితిమీరి వేడెక్కితే డ్రైవరు వెంటనే బండిని రోడ్డు పక్కకు ఆపుతారు. ఇంజిన్ ఉండాల్సినంత వేడిగా లేకపోతే మాత్రం దానిని ఎవరూ పట్టించుకోరు. ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఎప్పుడూ ‘సి’ అక్షరం దగ్గరే ఉంటే, బండి చల్లగా నడుస్తోందని సంతోషించేవారే ఎక్కువ.

నిజానికి అదీ మరమ్మతు చేయించాల్సిన లోపమే. దాని నష్టం ఒక్క రోజులో కనిపించదు. ఇంధన ఖర్చు రూపంలో, ఇంజిన్ అరుగుదల రూపంలో నెలల తరబడి పేరుకుంటుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కూలెంట్ కారిపోయి ఇంజిన్ ప్రమాదకరంగా కాగుతున్నప్పుడు కూడా కొన్నిసార్లు ముల్లు కిందికే పడిపోతుంది. అందువల్ల ముల్లు చెబుతున్నది నిజమా, కాదా అన్నదే మొదట తేల్చుకోవాలి.

ఎంత వేడి ఉండాలి?

కూలెంట్‌తో చల్లబడే ఆధునిక ఇంజిన్లలో అధిక భాగం, కూలెంట్ ఉష్ణోగ్రత సుమారు 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు సక్రమంగా పనిచేసేలా రూపొందినవి. ఆ వేడిని నిలబెట్టే పరికరం థర్మోస్టాట్. అందులో చిన్న లోహపు గొట్టంలో ప్రత్యేకమైన మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి వ్యాకోచించి, స్ప్రింగు ఒత్తిడిని అధిగమించి కవాటాన్ని తెరుస్తుంది. 1930లలో సెర్జియస్ వెర్నే రూపొందించిన ఈ సూత్రమే నేటి కార్లలోనూ కొనసాగుతోంది.

ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు కవాటం మూసుకుని ఉంటుంది. కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంది. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య కవాటం తెరుచుకోవడం మొదలవుతుంది. మరో 10 నుంచి 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. కవాటం తెరుచుకునే స్థితిలోనే ఇరుక్కుపోతే, కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు వెళ్లి చల్లబడుతూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కకపోవడానికి అత్యంత సాధారణ కారణం ఇదే.

నష్టం ఏమిటి?

ఇంజిన్ చల్లగా ఉందని గ్రహించిన ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, అవసరానికి మించి ఇంధనం పంపుతుంది. పాత కార్లలో చోక్ లాగి వదిలేసినట్టే. మైలేజీ తగ్గుతుంది, పొగ పెరుగుతుంది.

పూర్తిగా ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే లోపలి భాగాల అరుగుదల పెరుగుతుంది. దహనంలో పుట్టే నీటి ఆవిరి కూడా బయటకు పోకుండా ఆయిల్‌లోనే చేరుతుంది. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి జిగురు కనిపించడానికి ఇదొక కారణం. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నా అటువంటి జిగురే కనిపించవచ్చు కనుక కూలెంట్ తగ్గుతోందా అన్నదీ చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. ఇంజిన్ తగినంత వేడెక్కకపోతే అందులోని మసిని కాల్చివేసే ప్రక్రియ చాలా వాహనాలలో మొదలుకాదు. సీఎన్‌జీ కిట్ ఉన్న చాలా కార్లలో కూలెంట్ వేడెక్కేదాకా బండి పెట్రోలు మీదే నడుస్తుంది. లేహ్ వంటి చోట్ల శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల కన్నా దిగువకు పడిపోతుంది. అక్కడ హీటర్ పనిచేయకపోతే ముందు అద్దంపై పేరుకున్న మంచు, ఆవిరి తొలగక దారి కనిపించడమే కష్టమవుతుంది.

ఎండల దేశంలో థర్మోస్టాట్ ఎందుకు?

మన దేశపు ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదన్న నమ్మకంతో దానిని తీసివేయించేవారున్నారు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీల ఎండ కాసినా, ఇంజిన్‌కు కావలసిన వేడి దానికి దాదాపు రెట్టింపు. హైవే మీద వేగంగా వెళ్లే బండి రేడియేటర్‌కు తగిలే గాలి, ఆ ఎండలోనూ కూలెంట్‌ను అవసరానికి మించి చల్లబరచగలదు.

తీసివేయడం వల్ల వేసవిలో మేలు జరుగుతుందన్నదీ అన్ని బండ్ల విషయంలో నిజం కాదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే, కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా తిరిగే అడ్డదారిని మూసివేస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత కూలెంట్ చల్లబడకుండానే ఇంజిన్‌కు తిరిగి చేరుతుంది. ఫలితంగా హైవే మీద అతిగా చల్లబడే బండే, ఎండాకాలపు ట్రాఫిక్‌లో అతిగా వేడెక్కవచ్చు. పాత కారు కొనేవారు థర్మోస్టాట్ ఉందో లేదో కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది.

ముల్లు నిజం చెబుతోందా?

పరీక్షలో మొదటి మెట్టు కూలెంట్ మట్టం చూడటం. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగిన కూలెంట్ ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరైన లెక్క చెబుతుంది. మట్టం తగ్గి దాని చుట్టూ గాలి చేరితే, లోపల ఇంజిన్ కాగుతున్నా ముల్లు తక్కువ చూపవచ్చు. అప్పటిదాకా మధ్యలో ఉన్న ముల్లు ప్రయాణంలో హఠాత్తుగా కిందికి పడి, హీటర్ నుంచి చల్లగాలి వస్తే బండి ఆపి ఇంజిన్ కట్టేయాలి.

రెండో మెట్టు స్కానర్. స్టీరింగ్ కింది భాగంలో ఉండే ఓబీడీ సాకెట్‌కు దానిని అమర్చితే సెన్సర్ ఇస్తున్న అసలు అంకె తెలుస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో, ఉదయం స్టార్ట్ చేయకముందు, కూలెంట్ ఉష్ణోగ్రతా ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతా దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ అంకె మైనస్ 40 దగ్గర నిలిచిపోతే, సెన్సర్ తీగ తెగిందని లేదా కనెక్టర్ ఊడిందని అనుమానించాలి. పీ0118 అనే లోపం కోడ్ ఈ కోవలోనిదే. పీ0128 కోడ్ వస్తే, కూలెంట్ థర్మోస్టాట్ నియంత్రించాల్సిన ఉష్ణోగ్రతను చేరలేదని ఈసీయూ గుర్తించినట్టు. ఆ కోడ్ రాగానే థర్మోస్టాట్ మార్చేయకుండా, కూలెంట్ మట్టమూ సెన్సరూ సరిగా ఉన్నాయని ముందు నిర్ధారించుకోవాలి.

మూడో మెట్టు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. మెరిసే లోహంపై అది తక్కువ చూపుతుంది కాబట్టి, థర్మోస్టాట్ దగ్గరి రబ్బరు గొట్టంపై గురిపెట్టాలి. అక్కడ బాగా వేడి ఉండి, ముల్లు మాత్రం కిందే ఉంటే లోపం సెన్సర్‌లోనో, తీగలలోనో, గేజీలోనో ఉంది. రెండూ తక్కువే చూపితే ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంది.

థర్మోస్టాట్ పరీక్ష

చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, రేడియేటర్ పై గొట్టాన్ని తాకి చూడాలి. ఫ్యాన్ ఏ క్షణమైనా తిరగవచ్చు కాబట్టి చేతులు, దుస్తులు దానికి దూరంగా ఉండాలి. థర్మోస్టాట్ బాగుంటే గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఆ తరువాత వేగంగా వేడెక్కుతుంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడితే కవాటం తెరిచే ఉందని అర్థం. కొన్ని కార్లలో థర్మోస్టాట్ కింది గొట్టం వైపు ఉంటుంది. వాటికి ఈ పరీక్ష ఇలాగే వర్తించదు. ట్రాఫిక్‌లో ముల్లు పైకి లేచి, హైవే ఎక్కగానే పడిపోవడం కూడా ఇదే లోపానికి బలమైన సూచన.

విప్పి తీసిన థర్మోస్టాట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. చల్లగా ఉన్నప్పుడే కవాటం దగ్గర సందు పెద్దగా కనిపిస్తే అది పాడైనట్టే. సందేహం ఉంటే దారంతో గిన్నెడు నీటిలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి కాచాలి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రతకు కాస్త అటూ ఇటూగా తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. అయితే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ ఈ పరీక్షలో కవాటం పూర్తిగా తెరుచుకోలేదని మంచి థర్మోస్టాట్‌ను పారేయకూడదు.

ఫ్యాన్ సంగతి

ఏసీ వేయకపోయినా చల్లని ఇంజిన్‌లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే రిలేను పరీక్షించాలి. సెన్సర్ చెడినప్పుడు ఇంజిన్ రక్షణ కోసం ఈసీయూయే ఫ్యాన్‌ను నిరంతరం తిప్పే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. ఎవరైనా ఫ్యాన్‌ను నేరుగా బ్యాటరీకి కలిపారేమో కూడా చూడాలి. అయితే థర్మోస్టాట్ సక్రమంగా మూసుకుంటున్న ఇంజిన్‌ను ఫ్యాన్ ఒక్కటే ఎక్కువగా చల్లబరచలేదు. కాబట్టి మొదటి అనుమానం థర్మోస్టాట్ మీదే ఉండాలి.

మరమ్మతు తరువాత

రేడియేటర్‌కు అట్టముక్క అడ్డుపెడితే ముల్లు పైకి లేవవచ్చు కానీ లోపం అలాగే ఉంటుంది. ఎండ పెరిగిన రోజున ఆ అట్టముక్కే ఇంజిన్‌కు ముప్పు. ఎక్కువ డిగ్రీల థర్మోస్టాట్ వేయించడమూ సరికాదు. తయారీదారు సూచించిన ఉష్ణోగ్రతదే వేయించాలి. పంపు నీటికి బదులు సూచించిన కూలెంట్ పోసి, లోపల చిక్కిన గాలిని పూర్తిగా తీయించాలి. ఆ తరువాత సుమారు 20 నిమిషాలు హైవే వేగంతో నడిపి, స్కానర్‌లో అంకె నిలకడగా ఉందో లేదో చూడాలి. బండి ఆయిల్ పలచబడినట్టు, పెట్రోలు వాసన వస్తున్నట్టు తేలితే ఆయిల్ కూడా మార్పించాలి. థర్మోస్టాట్ కొత్తదైనంత మాత్రాన పాత ఆయిల్‌లో కలిసిన పెట్రోలు పోదు.