యంత్రంలో భావం, సహృదయునిలో రసం: కృత్రిమ ఉద్వేగాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కంప్యూటర్లకు, రోబోలకు ఉద్వేగాలు కలిగే అవకాశం ఉందా అనే ప్రశ్న నూరేళ్లుగా రూపం మార్చుకుంటూ వస్తోంది. ఆ మార్పులను చారిత్రకక్రమంలో గుర్తించి, వాటిని వివేచించడానికి భారతీయ రససిద్ధాంతం ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉద్వేగం, రోబో, అనుభావం, స్థాయిభావం, చిత్రతురగన్యాయం, సాత్త్వికభావాలు.

1. ప్రశ్న పుట్టుక:

'రోబో' అనే మాటను లోకానికి పరిచయం చేసింది కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకం. చెక్ భాషలో దాని మూలపదానికి వెట్టిచాకిరి అని అర్థం. ఈ నాటకంలోని రోబోలకు నొప్పి తెలియదు. అందువల్ల అవి తమ అవయవాలను తామే పాడుచేసుకుంటాయి. పరిశ్రమకు ఆ నష్టం తప్పాలంటే వాటికి బాధను కల్పించాలని అందులోని శాస్త్రజ్ఞుడు తలపోస్తాడు. యంత్రానికి అనుభూతి ఎందుకు అన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం కరుణ కాదు, ప్రయోజనం.

కంప్యూటర్లు వచ్చాక ఈ ప్రశ్న నాటకరంగం నుంచి శాస్త్రచర్చలోకి ప్రవేశించింది. మాంచెస్టర్‌కు చెందిన నాడీశస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ 1949లో చేసిన ఒక ఉపన్యాసంలో, యంత్రం తాను అనుభవించిన భావాల వల్ల కవిత రాసి, రాశానన్న ఎరుక కూడా కలిగి ఉంటే తప్ప దాన్ని మెదడుతో సమానమని అంగీకరించలేనన్నాడు. దీనికి అలన్ ట్యూరింగ్ 1950లో 'మైండ్' పత్రికలో బదులిచ్చాడు. ఈ వాదం ప్రకారం యంత్రం అనుభూతి చెందుతోందో లేదో తెలియాలంటే మనమే ఆ యంత్రం కావాలి. తోటి మనిషి విషయంలోనూ మనకు తెలిసేది బయటి ప్రవర్తనే. జెఫర్సన్ లోపలి అనుభవాన్ని ప్రమాణంగా తీసుకుంటే, ట్యూరింగ్ బయటి వ్యక్తీకరణను ప్రమాణంగా తీసుకున్నాడు. తరువాతి చరిత్ర అంతా ఈ రెండు కొసల మధ్యనే సాగింది.

2. అనుభూతి నుంచి ప్రయోజనానికి:

హెర్బర్ట్ సైమన్ 1967లో ఈ చర్చను మరోవైపు తిప్పాడు. అనేక లక్ష్యాలుండి, ఒకసారి ఒక్క పనే చేయగలిగిన వ్యవస్థకు, చేస్తున్న పనిని ఆపి అత్యవసరమైన దాని వైపు మళ్లించే ఏర్పాటు కావాలి. ఉద్వేగం చేసే పని అదేనని అతని ప్రతిపాదన. దారిలో పాము కనబడితే భయం మన ఆలోచనను తెంచి అడుగును వెనక్కి లాగడం ఇటువంటిదే. మార్విన్ మిన్‌స్కీ 1986 నాటి తన గ్రంథంలో ప్రశ్ననే తిరగవేశాడు. తెలివైన యంత్రాలకు ఉద్వేగాలుంటాయా అని కాక, ఉద్వేగాలు లేకుండా యంత్రాలు తెలివైనవి కాగలవా అని అడగాలన్నాడు. మెదడు ముందుభాగం దెబ్బతిన్న కొందరు రోగులకు తెలివితేటలు చెక్కుచెదరకపోయినా, ఉద్వేగం సన్నగిల్లడంతో జీవితనిర్ణయాలు గాడి తప్పాయని ఆంటోనియో దమాసియో 1994లో వివరించాడు. ఈ నేపథ్యంలో రోసలిండ్ పికార్డ్ 1997లో వెలువరించిన గ్రంథం, ఉద్వేగాలను గుర్తించే, వ్యక్తీకరించే కంప్యూటర్ల నిర్మాణాన్ని ఒక ప్రత్యేక పరిశోధనారంగంగా నిలబెట్టింది.

3. స్థాయి లేని అనుభావాలు:

మరోపక్క వ్యక్తీకరణ చరిత్ర వేరుగా నడిచింది. జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ప్రకటించిన 'ఎలిజా' అనే ప్రోగ్రాం మానసిక చికిత్సకుని ధోరణిలో, ఎదుటివారి మాటలనే ప్రశ్నలుగా మార్చి అడిగేది. దానికి అర్థజ్ఞానం లేదు. అయినా అది ఎలా తయారైందో ఎరిగిన ఆయన కార్యదర్శే, దానితో ఏకాంతంగా మాట్లాడుకోవాలని ఆయనను గది బయటికి వెళ్లమన్నది. ఈ సంఘటన వైజెన్‌బామ్‌ను కలవరపెట్టింది. 1976లో ఆయన కంప్యూటర్లకు అప్పగించకూడని పనులున్నాయని వాదిస్తూ గ్రంథం రాశాడు.

1990ల చివర సింథియా బ్రెజీల్ నిర్మించిన 'కిస్మెట్' రోబో కనుబొమలు, చెవులు, పెదవులు కదిలిస్తూ సంతోషాన్ని, భయాన్ని, విసుగును ప్రదర్శించేది. సోనీ సంస్థ 1999లో తెచ్చిన 'ఐబో' రోబో కుక్కకు 2014లో మరమ్మతు సేవలు నిలిచిపోయాయి. తరువాత జపాన్‌లోని ఒక బౌద్ధాలయంలో పనిచేయని ఐబోలకు అంత్యక్రియలు జరిపారు. దుఃఖించింది యంత్రం కాదు, మనిషి.

4. చిత్రతురగం:

విభావానుభావవ్యభిచారుల సంయోగం వల్ల రసం నిష్పన్నమవుతుందన్న భరతుని సూత్రంపై జరిగిన చర్చ తెలుగు సాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. రసం అనుకార్యునిలో ఉందా, నటునిలో ఉందా, సామాజికునిలో ఉందా అన్నది ఆ చర్చకు కేంద్రం. శ్రీశంకుకుడు నటునిలో లేని స్థాయిని అనుభావాల ద్వారా ప్రేక్షకుడు అనుమితి చేస్తాడన్నాడు. గోడమీది గుర్రపుబొమ్మను చూసి గుర్రమనుకోవడం నిజజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, సాదృశ్యమూ కాదు. ఎలిజాను గురించి తెలిసీ దానితో మనసు విప్పిన వ్యక్తి స్థితిని ఇంత సూక్ష్మంగా వివరించే పరిభాష అరుదు. అభినవగుప్తుడు మరొక అడుగు వేసి, సహృదయుని వాసనలే రసానికి ఆధారమన్నాడు. ఐబో విషయంలో పనిచేసినవి ఆ యజమానుల వాసనలే.

అయితే ఈ సామ్యానికి ఒక హద్దుంది. నాటకానికి రంగస్థలముంది, ముగింపు ఉంది. ప్రేక్షకుడు రసాస్వాదం కోసమే వచ్చి, తెర పడగానే ఇంటికి వెళతాడు. ఒంటరి వృద్ధునితో రోజంతా పలికే యంత్రానికి తెర పడదు. అక్కడ వృద్ధుడు కోరేది రసం కాదు, లౌకికమైన ఆదరం. చిత్రతురగాన్ని చూసి ఆనందించవచ్చు గానీ, దానిపై ఎక్కి ఊరు చేరలేము.

5. సాత్త్వికాలు, శరీరం:

స్తంభం, స్వేదం, రోమాంచం, అశ్రువు మొదలైన ఎనిమిది సాత్త్వికభావాలను భరతుడు విడిగా చెప్పడం ఇక్కడ కీలకం. మనసు లగ్నం కానిదే అవి సిద్ధించవని ఆయన భావన. అంటే బయటి కదలికలన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని లోపలి స్థితితో ముడిపడి ఉంటాయి. కిస్మెట్ అలసట ప్రోగ్రాంలో ఒక అంకె. అది పెరిగినా తరిగినా ఆ యంత్రం ఉనికికి ముప్పు లేదు. జీవికి అలా కాదు. ఆకలి, నొప్పి, భయం ప్రాణరక్షణకు సంబంధించినవి. ఈ తేడాను గుర్తించే కింగ్‌సన్ మాన్, దమాసియో 2019లో ఒక ప్రతిపాదన చేశారు. దెబ్బతినగల మెత్తని శరీరాన్నిచ్చి, దాన్ని కాపాడుకోవలసిన అవసరాన్ని కల్పిస్తే, యంత్రంలో అనుభూతికి సమానమైనదానికి దారి ఏర్పడవచ్చని వారి ఊహ.

ముగింపు:

జెఫర్సన్ అనుభవాన్ని అడిగాడు, సైమన్ ప్రయోజనాన్ని చూపాడు, ఎలిజా వ్యక్తీకరణ ఒక్కటే చాలునని నిరూపించినట్లు కనిపించింది. ఈ మూడింటినీ ఒకే 'ఉద్వేగం' అనే మాటతో పిలవడం వల్లనే నేటి చర్చ తికమక పడుతోంది. స్థాయి, అనుభావం, రసం అని విడదీసిన మన పరిభాష ఈ తికమకను తొలగించగలదు. రోబోల భవిష్యత్తును గురించి అడగవలసిన ప్రశ్న అవి ఏడవగలవా అన్నది కాదు, పోగొట్టుకోవడానికి వాటికి ఏమైనా ఉందా అన్నది. లేకపోతే వాటి ప్రేమను నమ్మించి అమ్మడం మోసం. ఉంటే, బాధపడగలిగినదాన్ని తయారుచేసి చాకిరికి పెట్టడం చాపెక్ హెచ్చరించిన వెట్టి. మొదటి ప్రమాదం ఇప్పటికే మన ముందుంది. రెండవదానికి తావివ్వాలో లేదో అటువంటి యంత్రాలు రాకముందే నిర్ణయించుకోవాలి.