రాజీనామా చేసే హక్కు (మన చరిత్ర - మన పాఠాలు: 14)



పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆఫీసులో నా ఇంటిపేరు అడిగిన రోజు నుంచి టీం వాళ్లు నాతో కలిసి భోంచేయడం లేదు. రేపు రిజైన్ చేసేస్తాను. గ్రూప్స్ రాసుకుంటాను" అని. నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. ఎందుకంటే పదకొండేళ్ల కింద నేనూ అదే చేశాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో నైట్ షిఫ్టులు. ఒకరోజు మేనేజర్ అందరి ముందు "కోటా సీటు తెలివి" అన్నాడు. అప్పటికప్పుడు బ్యాడ్జీ బల్ల మీద పడేసి వచ్చేశాను. ఆ రోజు రాజులాగా ఉన్నాను. తర్వాత ఎనిమిది నెలలు, మిరపతోటలో కూలికి పోయే మా అమ్మ డ్వాక్రా లోను మీద బతికాను.

ఆ మేనేజర్ని నేను క్షమించలేదు. కానీ నా ఆత్మగౌరవానికి కిస్తీలు కట్టింది మా అమ్మ. ఆ మాట చెప్పకుండా నీకు సలహా ఇవ్వలేను తమ్ముడూ. అందుకే ఈ వారం బాబాసాహెబ్ ఉద్యోగాల గురించి రాస్తున్నాను. ఆయన విగ్రహం చేతిలో రాజ్యాంగం చూస్తాం. ఆ చేతిలో ఒకప్పుడు ఉద్యోగం లేదన్న సంగతి మాట్లాడుకోం.

1913లో బరోడా సంస్థానం ఆయనకు విదేశీ చదువు కోసం స్కాలర్‌షిప్ ఇచ్చింది. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. షరతు ఏంటంటే, తిరిగొచ్చాక పదేళ్లు బరోడాలో కొలువు చేయాలి. అంటే ఆ ఉద్యోగం ఆయన ఎంచుకున్నది కాదు, చదువుకు కట్టాల్సిన బాకీ. కొలంబియాలో చదివి, లండన్‌లో మొదలుపెట్టిన చదువు సగంలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. లండన్ యూనివర్సిటీ దగ్గర ఒక్క అనుమతి మాత్రం తీసుకున్నాడు: నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని. ఈ నాలుగేళ్ల గడువు గుర్తుపెట్టుకోండి.

1917లో బరోడా చేరాడు. మహారాజు దగ్గర మిలిటరీ సెక్రటరీ. ఆఫీసులో జవాన్లు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరేవాళ్లు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నాడు. పదకొండో రోజు కర్రలతో గుంపు వచ్చింది, సాయంత్రానికల్లా ఖాళీ చేయమంది. ఒక హిందూ మిత్రుణ్ణి అడిగాడు, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరూ తప్పించుకున్నారు. రాత్రి తొమ్మిదికి బొంబాయి రైలు. అప్పటిదాకా పార్కులో కూర్చున్నాడు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి, వయసు 26.

ఇక్కడ ఆయన ప్లాన్ వేసుకుని ఉద్యోగం మానలేదు. ఊరే ఆయన్ని తరిమేసింది. తర్వాత దాదాపు ఏడాది అవస్థలు. ట్యూషన్లు చెప్పాడు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న ఆఫీసు పెట్టాడు. కులం తెలిసి జనం రావడం మానేశారు. అది మూతపడింది.

నవంబర్ 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. జీతం 450 రూపాయలు. అక్కడ మాత్రం కులం లేదా? ఉంది. ప్రొఫెసర్ల కుండలో నీళ్లు తాగొద్దని తోటి ప్రొఫెసర్లే అభ్యంతరం చెప్పారు. ఈసారి ఆయన ఉద్యోగం వదల్లేదు. అవమానం చిన్నదయిందని కాదు. ఆ ఉద్యోగం ఆయనకు గమ్యం కాదు, రేవు దాటించే పడవ. లండన్ గడువు తరుముకొస్తోంది. పరేల్‌లో కార్మికుల చాల్‌లో సంసారం, లెక్క చూసుకుని ఖర్చు, మిగిలింది దాచడం. మధ్యలో 31 జనవరి 1920న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టాడు. ఆ మార్చిలో రాజీనామా చేశాడు. దాచుకున్న డబ్బు, ఛత్రపతి షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా దగ్గర అప్పు 5,000 రూపాయలు. జులైలో ఓడ ఎక్కాడు. గడువు ఇంకా మిగిలే ఉంది. 1923లో బారిస్టర్‌గా తిరిగొచ్చాడు.

వకీలు వృత్తే ఎందుకు? నాకు అర్థమైంది చెబుతాను. వకీలుకు పైన మేనేజర్ ఉండడు. ఫైలు విసిరే జవాను ఉండడు. కేసులు రావడానికి కులం అక్కడా అడ్డమే, తొలి రోజుల్లో సంపాదన అంతంతే. కానీ మాట్లాడితే ఉద్యోగం ఊడుతుందన్న భయం లేదు. 1927లో మహద్ చెరువుకు నడిచింది ఆ స్వేచ్ఛతోనే. ఆ స్వేచ్ఛకు రమాబాయి తల్లి ఎంత వెల కట్టిందో కూడా లెక్కలో రాయాలి. ఆయన లండన్‌లో చదువుకున్నన్నాళ్లు పేదరికంలో ఇల్లు లాగింది ఆమే.

ఇంకో సంగతి. 1928 మార్చిలో బొంబాయి శాసనమండలిలో ఆయన ఒక బిల్లు పెట్టాడు, మహర్ వతన్ మీద. వతన్ అంటే వంశపారంపర్య ఊరి చాకిరీ. సర్కారు కబుర్లు మోయాలి, చచ్చిన గొడ్డును లాగాలి, పిలిచిన ప్రతివాడి పనీ చేయాలి. తండ్రి లేకపోతే కొడుకు పోవాలి. మన తెలంగాణలో వెట్టి ఎలాగో అలాగే. ఆ పనికి రాజీనామా లేదు. ఆ చాకిరీ నుంచి బయటపడే దారి చట్టంలో ఉండాలన్నాడు. బిల్లు పాసవలేదు. ఆ వతన్లను రద్దు చేసిన చట్టం 1958లో వచ్చింది, ఆయన పోయాక.

అందుకే అంటున్నాను తమ్ముడూ, రాజీనామా అనేది మన తాతలకు లేని హక్కు. దాన్ని కోపంలో ఒక్కరోజులో ఖర్చు చేయకు. ప్రాణానికో మానానికో ముప్పుంటే ఈ రాత్రే బయటికి రా, బరోడా రైలు ఎక్కినట్టు. ఆగగలిగితే సిడెన్‌హామ్ చెయ్యి. తేదీ పెట్టుకో. ఎన్ని నెలల తిండి దాచాలో లెక్క రాయి. జరిగిన ప్రతి అవమానాన్నీ తేదీతో సహా రాసిపెట్టు, రేపు ఫిర్యాదుకు పనికొస్తుంది. అప్పు అడగగలిగే ఒక్క భతేనాను వెతుక్కో. ఇంట్లో ఎవరి భుజం మీద బరువు పడుతుందో వాళ్లతో ముందు మాట్లాడు.

నేను మా అమ్మతో మాట్లాడలేదు. నువ్వు మాట్లాడు.

జై భీమ్.