నీర్జా భనోత్

నీర్జా భనోత్ (1963 సెప్టెంబరు 7 – 1986 సెప్టెంబరు 5) అశోక చక్ర పొందిన తొలి భారతీయ మహిళ, పాన్ యామ్ విమానయాన సంస్థ సిబ్బందిలో సీనియర్ పర్సర్. చండీగఢ్‌లో జన్మించి ముంబయిలో పెరిగారు, మోడల్‌గానూ పనిచేశారు. ముంబయి నుంచి న్యూయార్క్ బయలుదేరిన పాన్ యామ్ 73 విమానాన్ని 1986 సెప్టెంబరు 5న కరాచీలో నలుగురు సాయుధులు హైజాక్ చేయగానే ఆమె కాక్‌పిట్‌ను అప్రమత్తం చేశారు. పైలట్లు తప్పించుకోవడంతో విమానం నేల విడవలేదు. దుండగులు అమెరికన్లను వెతుకుతున్నారని గ్రహించి, సహచరులతో కలిసి వారి పాస్‌పోర్టులను దాచారు. దాదాపు 17 గంటల తర్వాత కాల్పులు మొదలవగా, అత్యవసర ద్వారం తెరిచి ప్రయాణికులను బయటికి పంపారు. తాను ముందే దిగిపోగలిగినా నిలిచి, తూటాలకు బలయ్యారు. అప్పటికి 23 ఏళ్లు నిండడానికి రెండు రోజులే మిగిలాయి. శాంతికాలపు అత్యున్నత శౌర్య పురస్కారమైన అశోక చక్రను భారత ప్రభుత్వం మరణానంతరం ప్రకటించింది. పాకిస్తాన్ తమ్గా-ఎ-ఇన్సానియత్‌ పురస్కారంతో ఆమెను గౌరవించింది. 2004లో భారత తపాలా శాఖ ఆమె స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది.