అంధుల క్రికెట్టు – కొన్ని చారిత్రకాంశములు

కోరాపుట్టు, రాయగడ మండలముల చరిత్రను వ్రాయు మన తెలుగువారు జయపుర సంస్థానమును, 1936లో ఈ సీమ విశాఖపట్టణ మండలమునుండి విడివడి ఒడిశాలో చేరుటను తప్పక పేర్కొందురు. ఆటలను పేర్కొనువారరుదు. కావున చూపులేనివారి క్రికెట్టును గూర్చి నాకు తెలిసినంత ఇచట విన్నవించుచున్నాను.

1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఇరువురు అంధకార్మికులు రేకుడబ్బాలో రాళ్లు వేసి, దానినే బంతిగా జేసికొని ఆడిరట. ఈ క్రీడకు అదియే ఆరంభము. 1996లో ఢిల్లీలో ప్రపంచ అంధుల క్రికెట్టు మండలి ఏర్పడెను. 1998లో అచటనే జరిగిన ప్రథమ ప్రపంచ కప్పును దక్షిణాఫ్రికా గెలుచుకొనెను.

అంతర్జాతీయ పోటీలలో వాడు బంతి తెల్లని ప్లాస్టిక్ గోళము; లోపలి లోహపు గుండ్లు గలగలలాడును. బౌలరు "రెడీ?" యని యడిగి, బ్యాటరు బదులు పలికిన పిదప "ప్లే" యని కేకవేయుచు, చేతిని భుజముపైకెత్తక బంతిని విసరవలెను. అది పిచ్ నడిమిగీతకు ముందే నేలను తాకవలెను. పదునొకండుగురిలో నలుగురైనను సంపూర్ణాంధులుండవలెను. వారి పరుగొక్కటి రెండుగా లెక్కింపబడును. బంతి ఒకసారి నేలబడి లేచిన తరువాత వారు పట్టినను అది క్యాచే. కొందరు దీనిని దయాభిక్ష యనుకొందురు. అది పొరపాటు. మన క్రికెట్టు కంటికి తగినట్లు కట్టబడినది, ఇది చెవికి తగినట్లు, భేదమంతియే.

ఆ పొరపాటు నాదియు. నా తరగతిలో మసకచూపు బాలుడొకడుండెను. ఆటలవేళ వానిని చెట్టునీడను కూర్చుండబెట్టి, తోటిపిల్లల చెప్పులకు కాపుంచెడివాడను. ఎవరెక్కడ నిలిచిరో కేకలనుబట్టియే వాడు తప్పక చెప్పుచుండ, నేను ముచ్చటపడి ఊరకుంటిని. ఈ నియమములు చదువునాటికి వాడు బడి విడిచి నాలుగేండ్లయినది.

తెలుగువారిలో గుంటూరు మండలవాసి అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వమున భారతజట్టు 2017, 2022 సంవత్సరములలో టి20 ప్రపంచ కప్పులను గెలిచెను. 2023 సంవత్సరపు అర్జున పురస్కార మాతనికి లభించెను.

మనకు మరింత చేరువైనది 2025 నవంబరు 23 నాటి వృత్తాంతము. అంధ మహిళల ప్రథమ టి20 ప్రపంచ కప్పు అంత్యపోటీ నాడు కొలంబోలో జరిగెను. నేపాలు 114 పరుగులు చేయగా, భారతజట్టు ఏడు వికెట్ల తేడాతో గెలిచెను. మన కోరాపుట్టు కొండలకు ఆనుకొనియున్న అల్లూరి సీతారామరాజు మండలపు గిరిజన బాలిక పాంగి కరుణకుమారి 42 పరుగులు చేసెను. ఒడిశాలోని బాలేశ్వర్ మండలమునకు చెందిన ఫూలా సొరేన్ 44 పరుగులతో అజేయగా నిలిచెను.