బాండ్ నవలలు - కొనసాగింపులో కాలం

నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన నన్నయ రచనగానే తోచేటట్లు పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. ఒకరి రచనను మరొకరు కొనసాగించేటప్పుడు మధ్యలో గడిచిన కాలాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఇంగ్లీషు గూఢచారి నవలకూ ఎదురైంది.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచారి శాఖలో పనిచేసిన ఇయాన్ ఫ్లెమింగ్, 1953లో 'కాసినో రాయల్'తో జేమ్స్ బాండ్‌ను పరిచయం చేశాడు. అందులో శత్రువు సోవియట్ సంస్థ 'స్మెర్ష్'. 1961 నాటి 'థండర్‌బాల్'లో ఆ స్థానం ఏ దేశానికీ చెందని 'స్పెక్టర్' ముఠాకు దక్కింది. ప్రచురణ క్రమంలో చదివితేనే ఈ మార్పు స్పష్టపడుతుంది. మొత్తం 12 నవలలు, 2 కథాసంపుటాలు. వీటిలో చివరి రెండూ 1964లో ఫ్లెమింగ్ మరణించిన తర్వాతే వెలువడ్డాయి.

1968లో కింగ్‌స్లీ ఏమిస్ రాబర్ట్ మార్కమ్ అనే మారుపేరుతో 'కర్నల్ సన్' రాశాడు. 1981 నుంచి జాన్ గార్డ్‌నర్, 1997 నుంచి 2002 దాకా రేమండ్ బెన్సన్ బాండ్‌ను తమ కాలంలోకి తెచ్చారు. ఈలోగా 1991లో సోవియట్ యూనియన్ అంతరించింది. 2011లో జెఫ్రీ డీవర్ కూడా సమకాలీన కథే రాసినా, మిగిలిన ప్రముఖులు వెనక్కి మళ్లారు. సెబాస్టియన్ ఫాక్స్ 2008లో 1967 నాటి కథను, విలియం బాయిడ్ 2013లో 1969 నాటి కథను, ఆంథొనీ హోరోవిట్జ్ 2015లో 1957 నాటి కథను ఎంచుకున్నారు.

ఫ్లెమింగ్‌కు వర్తమానమైనది వీరికి చరిత్ర. అందుచేత విద్యార్థి ప్రతి పుస్తకానికీ కథాకాలం, రచనాకాలం వేరువేరుగా గుర్తించాలి. స్త్రీల గురించి, ఇతర జాతుల గురించి ఫ్లెమింగ్ చూపిన చిన్నచూపు ఆనాటి సాక్ష్యం. 2015లో రాసిన 1957 మాత్రం 1957కు సాక్ష్యం కాదు; ఆ కాలంపై 2015 ఇచ్చిన తీర్పు.