ఒకే శ్రుతిలో సాగు సంగీతము

గోదావరి డెల్టాలోని మండపేటలో మాసూళ్ళ రోజులు వచ్చినవంటే రాత్రి నిశ్శబ్దమనునది ఉండదు. బియ్యపు మిల్లుల హోరు తెల్లవార్లూ ఒకే స్థాయిలో సాగుచుండును. ఆ హోరులో పెరిగినవారమగుటచేతనే కాబోలు, పాట పాటకు రంగు మారిపోవక, ఆద్యంతము ఒకే భావమును పట్టుకొని నడచు సంగీతముపై మాకు మొదటినుండి మక్కువ.

1980 ప్రాంతమున మా బంధువొకరు కువైట్ నుండి వచ్చుచు టేప్ రికార్డరుతోపాటు ఒక క్యాసెట్టు తెచ్చినారు. ఫ్రాన్సు దేశీయుడు ఝాన్ మిషెల్ జార్ 1976లో వెలువరించిన ‘ఆక్సిజెన్’ అది. అందు ఆరు భాగములు కలవు. వానికి పేర్లు లేవు, అంకెలే. పాట లేదు, మాట లేదు. విద్యుద్యంత్రముల నుండి పుట్టిన నాదము గాలివలె లేచి, ఒక భాగమునుండి మరియొక భాగమునకు జారి, చివరకు అలల చప్పుడులో కలిసిపోవును. ఈ మొత్తమును ఆయన పారిస్‌లో తన ఇంటియందే రికార్డు చేసినాడట. మా ఇంట ఆ క్యాసెట్టు ఎన్నిమార్లు తిరిగినదో లెక్క లేదు. కొన్నేండ్లకు టేపు అరిగి, నాదము పల్చబడినది. అప్పుడు పుట్టినది ప్రశ్న: దీనివంటిది మరియొకటి ఎక్కడ దొరకును?

దుకాణమునకు పోయి, ‘మాటలు లేని సంగీతము కావలెను’ అని అడిగితిమి. గిటారుపై వాయించిన సినిమా పాటల క్యాసెట్టు చేతిలో పెట్టినారు. పొరపాటు దుకాణదారునిది కాదు, మాదే. మేము వాద్యమును గూర్చి అడిగితిమి. అడుగవలసినది కూర్పును గూర్చి.

ఈ కూర్పునకొక చరిత్ర ఉన్నది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత ప్లేటులో ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పట్టెడిది కాదు. ఆలాపన ఆరంభమగునంతలో ముల్లు అంచు దాటిపోయెడిది. 1948లో అమెరికాలో కొలంబియా వారు లాంగ్ ప్లే రికార్డును తెచ్చిన పిమ్మట ప్రక్కకు ఇరువది నిమిషములకు పైబడి వినుటకు వీలైనది. అదే సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైనది. రేడియోకు ముల్లూ లేదు, అంచూ లేదు. ఒక వీణకు అరగంట ఇచ్చిన అడ్డు చెప్పువారు లేరు.

అందుచేత మేము వెదకిన వస్తువునకు మొదటి జాడ మాకు పొరుగుననే దొరకినది. మండపేట నుండి రామచంద్రపురము మీదుగా పోయిన ద్రాక్షారామము పెద్ద దూరము కాదు. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు 1922లో అచట జన్మించినారు. మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేసి, పిదప ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందమునకు సంగీతము కూర్చినారు. ఆ బృందము 1952లో ఏర్పడినది. ‘ఆదర్శ శిఖరారోహణము’ అను వారి రచన పేరులోనే దాని నడక తెలియుచున్నది: కృతుల వరుస కాదది, ఒక్క ఆరోహణము. విద్యుత్తుతో పుట్టినది కాకున్నను, మా క్యాసెట్టునకు అదియే దగ్గర చుట్టము. కాకినాడలో పుట్టిన వారి శిష్యులు చిట్టిబాబుగారు వీణపై కోయిల కూతను పలికించిన ‘కొమ్మలో కోయిల’నూ ఈ కోవలోనే చేర్చవచ్చును.

ఇక యంత్రముల సంగతి. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరును నెలకొల్పినాడు. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్‌కు మన సంగీతము నేర్పిన గీతా సారాభాయిగారు కూడ ఆ స్టూడియోలో పనిచేసినవారే. అచట 1972 వరకు తయారైన టేపులు పెట్టెలలోనే ఉండిపోయి, 2023లోగాని రికార్డుగా బయటికి రాలేదు. ఎలక్ట్రానిక్ సంగీతము మనకు అరువు సొమ్మని తలచువారు వీనిని తప్పక వినవలెను.

చరణ్‌జిత్ సింగ్ కథ ఇంకను విచిత్రమైనది. బొంబాయి సినీ వాద్యబృందములలో పనిచేసిన ఈయన జపానునుండి వచ్చిన రోలాండ్ యంత్రములు మూడింటిని కూర్చుకొని, 1982లో పది రాగములను డిస్కో తాళముపై వాయించి రికార్డు చేసినారు. కొన్నవారు స్వల్పము. 2010లో పునర్ముద్రణ జరిగినప్పుడు, పాశ్చాత్యులు తాము 1980ల నడుమ కనుగొంటిమనుకొన్న ధ్వని అంతకు ముందే బొంబాయిలో పుట్టినదని చూచి విస్తుపోయినారు. మేమీ రికార్డును మా ఇంట వినిపించగా, యంత్రపు మోత మొదలుకాగానే మొగము చిట్లించిన మా నాయనమ్మగారు మాల్‌కౌన్స్ వద్ద ఆగి, “ఇది హిందోళమే కదటరా!” అన్నారు. నిజమే. భూపాలి మన మోహన, యమన్ మన కళ్యాణి, కళావతి మన వలజి. అయినను మా అభిప్రాయము చెప్పవలెనన్న, ఆ తాళయంత్రము క్షణమైనను ఊపిరి తీయనీయదు. ‘ఆక్సిజెన్’లోని విశ్రాంతి ఇందు లేదు. ఆద్యంతము అవే మూడు యంత్రములు, అవే చేతులగుటచేత ఏకత్వము మాత్రము సంపూర్ణము.

విశ్రాంతి కోరినవారికి బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయముల కొరకని చేసిన రికార్డు కలదు. నాలుగే రచనలు, తొందర ఎరుగనివి. జర్మనుల బృందము టాంజరీన్ డ్రీమ్ వారి ‘ఫీడ్రా’ (1974) మాకు అంతకన్న ప్రియమైనది. ఆనాటి మూగ్ యంత్రము వేడెక్కిన కొలది శ్రుతి తప్పెడిది. ఆ జారుటను వారు తుడిచివేయక అట్లే ఉంచినారు. ఎండకాలపు కచేరీలో తంబుర శ్రుతిని మాటిమాటికి సవరించుకొను విద్వాంసులు దీనిని క్షమింతురో లేదో తెలియదు. మాకు మాత్రము ఆ జారుటలోనే ప్రాణమున్నదని తోచినది.

ఇప్పుడు ఎవరైన ‘ఇటువంటిది మరియొకటి చెప్పుడు’ అని అడిగినచో మేము రాగము పేరు గాని దేశము పేరు గాని అడుగము. ఏ ఏట చేసినారు, ఎన్ని యంత్రములతో, ఒక్కచోట కూర్చుండి చేసినారా, భాగమునకు భాగమునకు నడుమ ఖాళీ ఉన్నదా అని అడుగుదుము.

కువైట్ బంధువు ఈ మధ్య మండపేట వచ్చినారు. వయసు పైబడినది. ‘ఆక్సిజెన్’ను ఇప్పటి యంత్రముపై ఆగకుండ ఆరు భాగములు వినిపించితిమి. ఆయన కన్నులు మూసుకొని విని, మూడవ భాగము ముగియగానే అలవాటుగ లేచి, క్యాసెట్టు త్రిప్పుటకై చేయి చాచినారు.