అవ్వా తాతా వచ్చిన దారి

పోయిన వేసవి సెలవుల్లో మా పిన్ని, బాబాయి ఇటలీ పోయి వచ్చినారు. తక్కువ ఖర్చులో తిరగాలని వెనిస్, కియోజ్జా అనే కాలువల ఊళ్ళను ఎంచుకున్నారు. వెనిస్‌లో గొండోలా పడవ ఎక్కాలంటే అరగంటకు 90 యూరోలట. అందుకని అది ఎక్కకుండా, ఊరి జనం బస్సులాగా వాడుకొనే వాపొరెట్టో పడవలోనే తిరిగి ఫోటోలు పంపినారు. ఆ ఫోటోలు చూపిస్తే మా అవ్వ నవ్వింది. "దీనికి అంత దూరం పోవాలా? పెండ్లయిన కొత్తలో నేనూ మీ తాతా మద్రాసుకి వచ్చింది కాలువలోనే కదా, కట్టెల పడవలో" అన్నది.

ఏ కాలువ అవ్వా అని అడిగాను. "నువ్వు బడికి పోయే దారిలో వంతెన కింద లేదా, అదే" అన్నది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ వంతెన మీద మేమందరం ముక్కు మూసుకొని పరుగెత్తుతాము. దాన్ని కాలువ అని కూడా అనము, సాక్కడ అంటాము. అవ్వ చెప్పింది విన్న తర్వాతే దాని చరిత్ర చదివాను.

1806లో బేసిల్ కాక్రేన్ అనే స్కాట్లాండ్ వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 11 మైళ్ళ ఉప్పునీటి కాలువ తవ్వించాడు. మొదట్లో దాని పేరు కాక్రేన్ కాలువ. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత కొంచెం కొంచెంగా ఉత్తరానికి పొడిగించారు. పులికాట్ సరస్సు దాటి, నెల్లూరు తీరం వెంబడి, పెదగంజాం దాకా పోయింది. అక్కడ కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. అందువల్ల కాకినాడలో పడవ ఎక్కినవాళ్ళు సముద్రంలోకి పోకుండానే మద్రాసు చేరే వీలు కలిగింది. దక్షిణాన మరక్కాణం దాకా లెక్కిస్తే కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రప్రదేశ్‌లో, 163 తమిళనాడులో ఉన్నాయి.

ఈ కాలువ చరిత్రలో నన్ను చాలా బాధపెట్టింది 1876-78 కరువు. తెలుగువాళ్ళు దాన్ని ధాత కరువు అంటారు. లక్షల మంది చనిపోయారు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాలని ప్రభుత్వం నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ 8 కిలోమీటర్ల కాలువ తవ్వించింది. ఆ కరువులో కొంతకాలం, మద్రాసు రాజధానిలో కరువు పనులకు పోయిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే కూలి. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది తిని మట్టి తవ్వాలి, తట్ట మోయాలి. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కాబట్టి కాలువకు ఆయన పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేరు ఒక్కటి కూడా మనకు తెలియదు.

1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి పూర్తయింది. సరుకులు మెల్లగా రైలుకు మారాయి. అయినా కాలువ ఆగిపోలేదు. తీరం పల్లెలకు రైలు స్టేషను దూరం, పడవ దగ్గర. ఉప్పు, బియ్యం, శ్రీహరికోట అడవుల కట్టెలు పడవల్లోనే మద్రాసుకు వచ్చేవి. ఈరోజు రాకెట్లు ఎగిరే ఆ శ్రీహరికోట అప్పట్లో మన నగరానికి పొయ్యి కట్టెలు పంపేది.

మా అవ్వా తాతా 1958 మాఘమాసంలో దుగరాజపట్నం దగ్గరి పల్లె నుంచి అలాంటి సరుగుడు కట్టెల పడవ ఎక్కినారు. తాత చేతిలో ఉన్నది నాలుగు రూపాయలు. పడవ ఆయనకు ఒక రూపాయి ఇచ్చి, దారిలో అందరికీ అవ్వ వంట చేసేటట్టు మాట్లాడుకున్నాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు. తాత కూడా దిగి లాగినాడంట. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూసి అవ్వ వంట మాడబెట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నవ్వుతుంది.

మూడో రోజు ఎన్నూరు దాటి తొండియార్‌పేట పక్కనుంచి బేసిన్ బ్రిడ్జి రేవుకు చేరినారు. "అరవదేశంలో ఎట్లా బతకాలో అని ఏడుపు వచ్చింది. రేవులో కట్టెలు దించేవాళ్ళు తెలుగులో అరుచుకుంటున్నారు. అది విన్నాక భయం పోయింది" అన్నది అవ్వ. తాత కట్టెల అడితిలో కూలికి చేరినాడు. వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు కాబట్టే నేను ఈ బడిలో తెలుగులో చదువుకుంటున్నాను.

1965-66లో, మళ్ళీ 1976లో వచ్చిన తుఫానులు కాలువను దెబ్బతీశాయి. పడవలు ఆగిపోయాయి, మురికినీళ్ళు చేరాయి. నగరంలో కొన్నిచోట్ల రైలు స్తంభాలు కూడా కాలువలోనే నిలబెట్టారు. 2008లో దీన్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. కానీ మా వంతెన కింద ఇప్పటికీ పడవ పోవడం నేను చూడలేదు.

మొన్న ఆదివారం అవ్వను వంతెన దగ్గరకు తీసుకుపోయాను. చాలాసేపు చూసి, "నీళ్ళు అప్పుడు ఇంకా వెడల్పుగా ఉండె" అని మాత్రం అన్నది. నేను ఆ రోజు ముక్కు మూసుకోలేదు.

వెనిస్ వాళ్ళు తమ కాలువలను కాపాడుకున్నారు కాబట్టి లోకమంతా అక్కడికి పోతుంది. మన కాలువను మనం ఒక్కరోజులో బాగుచేయలేము. కానీ మిత్రులారా, దాన్ని సాక్కడ అనడం ఈరోజే మానుకోవచ్చు. మీ అవ్వనో తాతనో ఏ దారిలో ఈ ఊరికి వచ్చారో అడగండి. మా తరగతిలో అడిగితే ఇంకో ముగ్గురి ఇళ్ళలో పడవ కథ ఉన్నది. వాళ్ళు చెప్పగలిగినప్పుడే రాసి పెట్టుకుందాము.